రోడ్ రాష్, సెగా మెగా డ్రైవ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం చిన్నప్పుడు కంప్యూటర్లో ఆడిన రోడ్ రాష్ ఇదేనా?

కాదండీ, అది దీని తమ్ముడు. మన దగ్గర రోడ్ రాష్ అనగానే అందరికీ గుర్తొచ్చేది విండోస్ 98 కంప్యూటర్, ఇంటర్నెట్ సెంటర్, కాలేజీ హాస్టల్లో రూముకో కాపీ ఉన్న సీడీ. ఆ గేమ్ 1994లో త్రీడీఓ అనే కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్) కోసం తయారైంది, తర్వాత ప్లేస్టేషన్‌కి, సాటర్న్‌కి, 1996లో విండోస్‌కి వచ్చింది, మనకి చేరింది ఆ విండోస్‌దే. దానికన్నా ముందు, 1991లోనే, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళు సెగా మెగా డ్రైవ్ కోసం మొట్టమొదటి రోడ్ రాష్ చేశారు. అమెరికాలో ఆ కన్సోల్ పేరు జెనెసిస్, రెండూ ఒకటే. ఈ పేజీ మొత్తం ఆ మొదటి గేమ్ గురించి, దాని వెనకాలే వచ్చిన రెండు, మూడు భాగాల గురించి.

కంప్యూటర్‌ది ఆడిన వాళ్ళు దీన్ని చూసి "ఓ, పాత గ్రాఫిక్స్" అని పక్కన పెట్టేస్తున్నారు, అది నాకు నిజంగా బాధగా ఉంటది. ఎందుకంటే ఇందులో కొట్లాట కన్నా డబ్బు లెక్క పెద్దది, పడిన ప్రతిసారీ జేబుకి చిల్లు పడుద్ది, ఆ టెన్షన్ వల్లే రేసుకి రుచి వస్తది.

అసలు గేమ్‌లో ఏం చెయ్యాలి?

మీ దగ్గర ఒక చిన్న బండి ఉంటది, దాని పేరు షురికెన్ 400. మీతో పాటు ఇంకో 14 మంది రేసర్లు. మామూలు రోడ్డు మీద, ఎదురుగా కార్లు వస్తుండగా, ఇక్కడి నుంచి అక్కడిదాకా రేసు, రింగు ట్రాక్ కాదు. మొదటి నాలుగు స్థానాల్లో వస్తే క్వాలిఫై అయినట్టు. లెవెల్‌కి ఐదు రోడ్లు, ఐదూ క్వాలిఫై అయితే పై లెవెల్, అలా ఐదు లెవెల్స్. పైకి వెళ్ళే కొద్దీ అవే రోడ్లు పొడుగవుతాయి, పక్కోళ్ళ బళ్ళు స్పీడవుతాయి, ప్రైజ్ మనీ కూడా పెరుగుద్ది.

దారిలో పక్కోణ్ణి గుద్దొచ్చు, తన్నొచ్చు, కర్ర లాక్కుని దాంతోనే బాదొచ్చు. వాళ్ళూ మిమ్మల్ని వదలరు.

రోడ్లు ఎక్కడివి?

అన్నీ కాలిఫోర్నియావే. సియెర్రా నెవాడా, పసిఫిక్ కోస్ట్, రెడ్‌వుడ్ ఫారెస్ట్, పామ్ డెజర్ట్, గ్రాస్ వ్యాలీ. ఒకటి కొండలు, ఒకటి సముద్రం పక్క రోడ్డు, ఒకటి పెద్ద చెట్ల అడవి, ఒకటి ఎడారి, ఒకటి పల్లెటూరి వైపు. అప్పట్లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆఫీస్ కూడా అదే రాష్ట్రంలో, సాన్ మాటియోలో ఉండేది, అంటే వాళ్ళ సొంత రాష్ట్రం రోడ్లనే గేమ్‌లో పెట్టుకున్నారు. అక్కడ ఉంటున్న మనవాళ్ళలో వీకెండ్‌కి పసిఫిక్ కోస్ట్ రోడ్డు మీద డ్రైవ్‌కి వెళ్ళేవాళ్ళు బోలెడు మంది ఉంటారు కదా, వాళ్ళు ఒకసారి ఇది ఆడి చూడాలి.

బటన్లు ఎలా?

మూడు బటన్ల కంట్రోలర్ చాలు. మామూలు సెట్టింగ్‌లో బీ నొక్కితే యాక్సిలరేటర్, ఏ నొక్కితే బ్రేకు, సీ నొక్కితే దెబ్బ. సీతో పాటు డైరెక్షన్ కూడా కలిపి నొక్కితే దెబ్బ రకం మారుద్ది, ఒకటి పిడిగుద్దు, ఒకటి వెనక చెయ్యి విసురు, ఒకటి కాలితో తన్ను. మొదటి రేసులో గెలవడం గురించి ఆలోచించకుండా ఎవడో ఒకడి పక్కన చేరి ఈ మూడూ ఏది ఎలా వస్తుందో వేలికి అలవాటు చేసుకోండి, ఆ రేసు పోయినా పర్లేదు.

కర్ర ఎలా లాక్కోవాలి? ఎంత కొట్టినా రావట్లేదు

ఇది అందరూ అడుగుతారు. మొదటి గేమ్‌లో ఆయుధం అంటే ఒక్క కర్రే, అది కొందరు రేసర్ల చేతిలో ముందే ఉంటది. వాడి పక్కకెళ్ళి గుడ్డిగా సీ బటన్ దంచితే రాదు. వాడు కర్ర పైకి ఎత్తే టైమ్ చూడాలి. వాడి బండికి సమానంగా, చెయ్యందేంత దగ్గరగా మీ బండి నడుపుతూ, వాడి చెయ్యి లేచిందో లేదో అప్పుడే ఒక గుద్దు గుద్దాలి, సరిగ్గా తగిలితే కర్ర మీ చేతికి వచ్చేస్తది. టైమింగ్ తప్పితే ఆ కర్ర దెబ్బ మీకే. ఇదంతా జరుగుతున్నప్పుడు రోడ్డు వంపు తిరుగుతూనే ఉంటది, ఎదురు కారు వస్తూనే ఉంటది, అంటే ఒక కన్ను వాడి చెయ్యి మీద, ఒక కన్ను రోడ్డు మీద. నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే, కర్ర చేతికొచ్చిన వెంటనే వాడి ఎనర్జీ గీత సగానికి పడుతుంటే వచ్చే సంతోషం వేరే.

గుద్దు మంచిదా, తన్ను మంచిదా?

గుద్దు, కర్ర అవతలి వాడి ఎనర్జీ తగ్గించడానికి. స్క్రీన్ కింద మీ ఎనర్జీ, వాడి ఎనర్జీ రెండూ కనపడతాయి, ఎవరిది ఖాళీ అయితే వాళ్ళు బండి మీద నుంచి పడిపోతారు. తన్ను వేరే పనికి. తంతే వాడు పక్కకి జరుగుతాడు, ఆ జరిగిన చోట ఎదురుగా కారో, రోడ్డు పక్కన సైన్ బోర్డో ఉంటే ఇంక మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. వాడికి ఎంత ఎనర్జీ ఉన్నా అనవసరం.

కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి, ప్రతి ఒక్కణ్ణీ కొట్టాల్సిన పని లేదు. కొత్తగా ఆడేవాళ్ళు పదకొండో ప్లేస్‌లో ఉన్నోడితో అర కిలోమీటర్ కొట్లాడుకుంటూ ఉంటారు, ఈలోపు ముందు ఉన్న నలుగురు వెళ్ళిపోతారు. మిమ్మల్ని దాటబోయే వాడిని, లేదా మీరు దాటేటప్పుడు దెబ్బ వేసేవాణ్ణి మాత్రమే చూసుకోండి. మిగతా వాళ్ళని స్పీడ్‌తోనే వెనకేసుకోవచ్చు.

ఇంకోటి, రేసుకీ రేసుకీ మధ్య తోటి రేసర్లు మీతో మాట్లాడతారు. నటాషా, బిఫ్ లాంటి పేర్లు ఉన్నవాళ్ళు వచ్చి ఒకళ్ళు సలహా ఇస్తారు, ఒకళ్ళు బెదిరిస్తారు. నాలుగు లైన్ల మాటలే, కానీ వాటి వల్ల రోడ్డు మీద కనపడే బండి ఎవరో మనకి తెలిసిన మనిషిలా అనిపిస్తది. 1991లో రేసింగ్ గేమ్‌లో పక్కోడికి ఒక పేరు, ఒక మొహం పెట్టడమే గొప్ప.

బండి మీద నుంచి పడితే ఏమవుద్ది?

ఎగిరి పడతారు, దొర్లుతారు, బండి ఎక్కడో దూరంగా ఆగుద్ది. అప్పుడు మీ మనిషి లేచి రోడ్డు మీద పరుగెత్తుకుంటూ బండి దగ్గరకి వెళ్ళాలి. కొన్నిసార్లు పది అడుగులు, కొన్నిసార్లు స్క్రీన్ అంతా దాటి ముందుకి పోవాలి, పరుగెత్తుతుంటే మళ్ళీ కారు వచ్చి గుద్దొచ్చు కూడా. ఆ పరుగు చూస్తున్నంతసేపూ పక్క నుంచి ఒక్కో రేసరూ సర్రుమని వెళ్ళిపోతుంటాడు, మీరు కష్టపడి దాటినోళ్ళే. వేరే గేమ్స్‌లో యాక్సిడెంట్ అయితే బండి మెరిసి రోడ్డు మధ్యలో మళ్ళీ ప్రత్యక్షమవుద్ది, ఇందులో అలా లేదు, పడిన ఫలితం మొత్తం కళ్ళారా చూడాల్సిందే.

పడ్డ ప్రతిసారీ బండికీ దెబ్బ తగులుద్ది. అది మరీ ఎక్కువైతే బండి పూర్తిగా పాడై రేసు అక్కడితో ఆగిపోద్ది, రిపేర్ బిల్లు కట్టాలి.

పోలీసులు ఎప్పుడు పట్టుకుంటారు?

పోలీస్ బండి మీద పక్కన వస్తున్నంత మాత్రాన పట్టుకున్నట్టు కాదు. మీరు పడిపోయో, ఆగిపోయో ఉన్నప్పుడు ఆయన దగ్గర్లో ఉంటే అయిపోయినట్టే, రేసు క్యాన్సిల్, పైగా ఫైన్. అందుకే పోలీస్ కనపడితే ఎవరితోనూ కొట్లాట పెట్టుకోకుండా నిటారుగా వెళ్ళిపోవడం మంచిది. ఆయన్ని కూడా కొట్టొచ్చు, పడెయ్యొచ్చు, కానీ ఆ కొట్లాటలో మీరే పడితే రెండు రకాలుగా నష్టం.

గేమ్ ఓవర్ ఎందుకు అయిపోతోంది? లైఫ్‌లు ఎన్ని?

లైఫ్‌లు అని ఏమీ లేవు, మీ లైఫ్ మీ డబ్బే. రిపేర్ బిల్లు కట్టడానికో, ఫైన్ కట్టడానికో డబ్బు లేకపోతే గేమ్ ఓవర్. దీన్ని చాలామంది పట్టించుకోరు, గేమ్ మొత్తం దీని మీదే నడుస్తది.

కొత్త బండి ఎప్పుడు కొనాలి?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, కాస్త పెద్దగా చెప్తాను.

షాపులో చాలా బళ్ళు ఉంటాయి, అన్నిటికన్నా పైన డయాబ్లో 1000. మొదటి రెండు రేసులు గెలవగానే చేతిలో డబ్బు కనపడి వెంటనే షాపుకి వెళ్ళి ఉన్నదంతా ఊడ్చి కాస్త పెద్ద బండి కొనేస్తాం. జేబులో సున్నా. తర్వాత రేసులో కొత్త బండి స్పీడ్ అలవాటు లేక వంపులో బయటికి పోతాం, చెట్టుకి కొడతాం, బండి పాడవుద్ది, బిల్లు కట్టడానికి డబ్బు లేదు, ఆట అయిపోయింది. బండి మంచిదే, కొన్న టైమే తప్పు.

కాబట్టి పద్ధతి ఏంటంటే బండి ధర ఎంతో అంత ఉంటే కొనకండి, ఆ ధర పోగా ఒక రిపేరుకి సరిపడా మిగిలితేనే కొనండి. మొదటి లెవెల్ షురికెన్ 400 మీదే లాగేయొచ్చు, అక్కడ పక్కోళ్ళు కూడా మరీ స్పీడ్‌గా ఉండరు. రెండో లెవెల్ మొదలైన తర్వాత దాంతో అందుకోవడం కష్టం అని మీకే తెలుస్తది, సూటి రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్‌లో ఉన్నా జనం దాటి పోతుంటారు, అప్పుడు మార్చాలి. అలాగే ఎగిరి నేరుగా పెద్ద బండి మీదకి వెళ్ళొద్దు. ప్రతి బండి ఒక్కో రకంగా తిరుగుద్ది, మధ్యలో బండి ఒకటి నడిపి ఆ స్పీడ్‌కి చెయ్యి కుదిరాక పైదానికి వెళ్తే డయాబ్లో 1000 మీద కూర్చున్న రోజు దాన్ని నిజంగా నడపగలుగుతారు.

దీని వల్ల రేసులో మీ బుద్ధి కూడా మారిపోద్ది. రెండో ప్లేస్‌లో ఉన్నారు, ఫినిష్ దగ్గర్లో ఉంది, ముందున్నోడి మీద కర్ర ఎత్తాలా వద్దా? ఎత్తితే ఫస్ట్ ప్రైజ్ డబ్బు, తప్పితే పడి రిపేర్ ఖర్చు, క్వాలిఫై కూడా పోవచ్చు. ఇంత చిన్న గేమ్‌లో అంత మంచి లెక్క పెట్టారు వాళ్ళు. ర్యాండీ బ్రీన్, డాన్ గైస్లర్, కార్ల్ మే, ఈ ముగ్గురి పేర్లు దీని తయారీలో ముఖ్యంగా చెప్పుకోవాలి.

కొండ ఎక్కి దిగేటప్పుడు ఎప్పుడూ కారుకి గుద్దుకుంటున్నాను, ఏం చెయ్యాలి?

ఎత్తు మీద అవతల ఏముందో కనపడదు, పైగా స్పీడ్‌లో వెళ్తే బండి గాల్లోకి లేస్తది, గాల్లో ఉన్నప్పుడు పక్కకి తప్పించుకోవడం కుదరదు. ఎత్తు ఎక్కేముందే రోడ్డులో మన వైపుకి, అంటే కుడి వైపుకి వచ్చేయండి, అమెరికా కదా, ట్రాఫిక్ కుడి పక్కన వెళ్తది, మన అలవాటు ప్రకారం ఎడమకి పోతే ఎదురు కార్ల లైన్లోకి పోయినట్టే. మనవాళ్ళు ఎక్కువగా గుద్దుకునేది ఇక్కడే. క్రాస్ రోడ్ల దగ్గర అడ్డంగా వచ్చే కార్లు వేరే, అవి దూరం నుంచే కనపడతాయి, యాక్సిలరేటర్ ఒక్క క్షణం వదిలితే చాలు.

గేమ్ కొంచెం కుదుపుగా, నెమ్మదిగా నడుస్తోంది, నా ఎమ్యులేటర్ పాడైందా?

లేదు, ఎమ్యులేటర్ (పాత కన్సోల్ గేమ్‌ని కంప్యూటర్లో, ఫోన్‌లో నడిపే ప్రోగ్రామ్) తప్పేం కాదు, ఒరిజినల్ కూడా అంతే. మెగా డ్రైవ్‌లో ఉన్నది మోటరోలా 68000 ప్రాసెసర్, దాదాపు 7.6 మెగాహెర్ట్జ్. దూరంగా చిన్నగా ఉన్న బొమ్మని దగ్గరకి వచ్చే కొద్దీ పెద్దది చేసే హార్డ్‌వేర్ ఆ కన్సోల్‌లో లేదు. రోడ్డు వంపు తిరగాలి, కొండలా లేవాలి, దిగాలి, చెట్లు, బోర్డులు, కార్లు, అంతమంది రేసర్లు పెరుగుతూ దగ్గరకి రావాలి, ఇదంతా ప్రాసెసరూ ప్రోగ్రామర్ల పనితనమూ కలిసి లాగాల్సిందే. స్క్రీన్ మీద బళ్ళు ఎక్కువైతే కుదుపు ఇంకా తెలుస్తది. కొంతసేపు ఆడాక కన్ను అలవాటు పడిపోద్ది. రెండో భాగం దీనికన్నా కాస్త బాగా నడుస్తది.

యూరప్ మెగా డ్రైవ్ అయితే 50 హెర్ట్జ్ (అంటే స్క్రీన్ సెకనుకి 50 సార్లు మారుద్ది), అమెరికాది 60. కొన్ని గేమ్స్ యూరప్ మిషన్ మీద ఇంకా నెమ్మదిగా అనిపిస్తాయి. ఎమ్యులేటర్‌లో రీజియన్ అమెరికా పెట్టుకోండి.

మ్యూజిక్ ఎవరిది? రాక్ పాటలు ఎక్కడ?

ఆ రాక్ బ్యాండ్లు, సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మాగ్నెట్, స్వర్వ్‌డ్రైవర్ లాంటివి, 1994 నుంచి సీడీ మీద వచ్చిన వెర్షన్లలో ఉంటాయి. మెగా డ్రైవ్ గేమ్ వచ్చే కార్ట్‌రిడ్జ్‌లో, అంటే కన్సోల్‌కి గుచ్చే ప్లాస్టిక్ డబ్బాలో, రికార్డ్ చేసిన పాట పట్టదు. ఇక్కడి సంగీతం రాబ్ హబ్బర్డ్‌ది, కమొడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్ రోజుల నుంచీ పేరున్న మనిషి. మెగా డ్రైవ్‌లోని యమహా చిప్ మీద గిటార్ లాంటి గరుకు శబ్దం పుట్టించి రోడ్డుకో ట్యూన్ ఇచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఇద్దరం కలిసి ఆడొచ్చా?

మొదటి దాంట్లో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆడాలి. స్క్రీన్ రెండుగా చీల్చి ఒకేసారి ఆడటం 1992లో వచ్చిన రెండో భాగంతో మొదలైంది. అన్నదమ్ములు, రూమ్మేట్లు ఆడాలనుకుంటే రెండోదే పెట్టుకోండి, అందులో మిగతా రేసర్లు లేకుండా ఇద్దరే తలపడే మోడ్ కూడా ఉంది.

రెండు, మూడు భాగాల్లో కొత్తగా ఏముంది?

రెండోది కాలిఫోర్నియా వదిలేసి అమెరికా మొత్తం తిరుగుద్ది: అలాస్కా, హవాయి, టెన్నెసీ, అరిజోనా, వెర్మాంట్. కర్రతో పాటు గొలుసు వచ్చింది, పెద్ద బళ్ళకి ఒక్కసారిగా స్పీడ్ పెంచే నైట్రో వచ్చింది. నా లెక్కలో మూడింటిలోకీ బాగా కుదిరింది ఇదే, మొదటి దాని డబ్బు లెక్క అలాగే ఉంచి మిగతాదంతా మెరుగు చేశారు.

మూడోది 1995లో వచ్చింది, బ్రెజిల్, ఇంగ్లండ్, జర్మనీ, కెన్యా, ఆస్ట్రేలియా, ఇటలీ, జపాన్ తిప్పుద్ది. ఆయుధాలు బాగా పెరిగాయి, నంచాకు (గొలుసుతో కలిపిన రెండు కర్రలు), గడ్డపార లాంటి ఇనప రాడ్డు, కరెంట్ షాక్ కొట్టే కర్ర కూడా ఉన్నాయి. బండికి పార్టులు కొని బిగించుకోవచ్చు. బొమ్మలు నిజం మనుషుల ఫొటోల్లా ఉంటాయి, అది నాకు అంతగా నచ్చలేదు, మొదటి రెండింటిలో చేత్తో గీసిన బొమ్మల్లో ఉన్న ఊపు ఇందులో తగ్గింది.

తర్వాత ఏమైంది?

1998లో ప్లేస్టేషన్‌కి త్రీడీ వెర్షన్, 1999లో నింటెండో 64కి ఒకటి, 2000లో రోడ్ రాష్ జైల్‌బ్రేక్ వచ్చాయి. ఆ తర్వాత సిరీస్ ఆగిపోయింది. ఈ తరహా కావాలనుకునే వాళ్ళకి 2017లో పూర్తిగా విడుదలైన రోడ్ రిడెంప్షన్ ఉంది, వేరే వాళ్ళు చేసిందే అయినా చూడగానే దేని బిడ్డో తెలిసిపోద్ది.

ఇప్పుడు ఎలా ఆడాలి?

పీఎస్‌పీ (సోనీ వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్) ఉన్నవాళ్ళకి 2006 నాటి ఈఏ రీప్లే అనే డిస్క్ దొరికితే అందులో మూడు భాగాలూ ఉన్నాయి. సొంత కార్ట్‌రిడ్జ్ ఉంటే దాని కాపీని రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ యాప్‌లో, మెగా డ్రైవ్ గేమ్స్ నడిపే జెనెసిస్ ప్లస్ జీఎక్స్ అనే భాగం వాడి కంప్యూటర్లో, ఫోన్‌లో ఆడుకోవచ్చు. ఫోన్ అయితే బ్లూటూత్ కంట్రోలర్ పెట్టుకోండి, టచ్ స్క్రీన్ మీద కర్ర లాక్కునే టైమింగ్ కుదరదు. ఆటని ఎక్కడికక్కడ దాచుకునే సేవ్ స్టేట్ ఉంది కదా అని పడిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళొద్దు, అలా చేస్తే డబ్బు లెక్కకి అర్థం ఉండదు, గేమ్ చప్పగా అయిపోద్ది.

అమెరికా నుంచి మా వాళ్ళు జెనెసిస్ తెస్తున్నారు, ఇక్కడ పనిచేస్తదా?

పనిచేస్తది, కానీ దాంతో వచ్చే అడాప్టర్‌ని మాత్రం మన ప్లగ్‌లో పెట్టొద్దు. అది 120 వోల్టులది, మన దగ్గర 230, పెట్టగానే కాలిపోద్ది. ఇక్కడే సరైన అడాప్టర్ కొనండి, కొనేముందు మోడల్ చూడండి: మొదటి మోడల్‌కి పిన్ను మధ్యలో నెగెటివ్, రెండో మోడల్‌కి పిన్ను సైజూ వేరు, మధ్యలో పాజిటివ్. షాపులో "తొమ్మిది వోల్టుల అడాప్టర్" అని మాత్రమే అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, మిషన్ మీద రాసి ఉన్న గుర్తుతో సరిచూసుకోండి.

కార్ట్‌రిడ్జ్ ఒరిజినలా, డూప్లికేటా ఎలా తెలుస్తది?

అప్పటి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కార్ట్‌రిడ్జ్‌లు సెగా వాటిలా ఉండవు, ఆకారమే వేరు, ఎడమ అంచున పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క ఉంటది. దాని వెనక కథ ఉంది. వాళ్ళు సెగా సాయం లేకుండానే కన్సోల్ లోపలి పని ఎలా జరుగుతుందో సొంతంగా కనిపెట్టి, 1990లో ఆ బలంతో సెగాతో బేరమాడి మంచి ఒప్పందం చేసుకున్నారు, కార్ట్‌రిడ్జ్‌లు కూడా తామే తయారు చేసుకున్నారు. మామూలు సెగా ఆకారంలో ఉన్న డబ్బా మీద రోడ్ రాష్ స్టిక్కర్ ఉంటే అనుమానించండి.

పాత కార్ట్‌రిడ్జ్‌లో బ్యాటరీ మార్చాలా? సేవ్ ఎలా?

బ్యాటరీ గొడవ లేదు, ఇది పాస్‌వర్డ్ గేమ్. మీ లెవెలూ, డబ్బూ, బండీ అన్నీ ఆ పాస్‌వర్డ్‌లోనే ఉంటాయి. అప్పట్లో పుస్తకంలో రాసుకునేవాళ్ళు, ఇప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో కొట్టండి చాలు. రేసు గెలిచిన ప్రతిసారీ కొత్తది తీసుకోండి, ముఖ్యంగా కొత్త బండి కొనేముందు ఒకటి, కొన్న తర్వాత ఒకటి.

పిల్లలకి ఇవ్వొచ్చా?

కొట్టుకోవడమే ఆట కాబట్టి చిన్నపిల్లలకి వద్దు. గేమ్స్‌కి వయసు రేటింగ్ ఇచ్చే అమెరికా సంస్థ ఈఎస్ఆర్‌బీ 1994లో మొదలైంది, ఈ గేమ్ అంతకు ముందుది, డబ్బా మీద రేటింగ్ వెతకొద్దు. బండి నడిపే వయసు వచ్చిన పిల్లలైతే పక్కన కూర్చుని ఆడించండి, ఇద్దరూ మార్చి మార్చి ఆడటానికి మొదటి భాగమే బాగుంటది.